తెల్లనివన్నీ పాలనుకునేవాళ్ళకి మనం పెట్టిన పేర్లు

మోసం జరిగిన ఇంట్లో మొదటి మాట దొంగ మీద పడదు, పోగొట్టుకున్నవాడి మీద పడుతుంది. "ఇంత చదువుకుని ఎలా నమ్మావు?" "మొదట్నుంచీ అంతే, నోట్లో వేలు పెట్టినా కొరకలేడు." "వట్టి వెర్రిబాగులవాడు, ఎవరేం చెప్తే దానికి తలూపుతాడు." ఈ మూడూ నిజానికి ముగ్గురు వేర్వేరు మనుషుల గురించిన మాటలు. మొదటిది తెలియనివాడి గురించి, రెండోది ఎదురు చెప్పలేనివాడి గురించి, మూడోది సొంత నిర్ణయమంటూ లేనివాడి గురించి. మనం మాత్రం మూడింటినీ ఒకే మనిషి మీద ఒకే ఊపిరిలో అనేస్తాం.

సులభంగా నమ్మేవాళ్ళకీ, ఎవరో ఒకరి మాట మీద నడిచేవాళ్ళకీ తెలుగులో ఉన్నన్ని పేర్లు మంచివాళ్ళకి కూడా లేవేమో. అవి పర్యాయపదాలు కావు. ఒక్కొక్కటీ ఒక్కో బలహీనతని చూపిస్తుంది, ఒక్కో బలహీనతకి ఒక్కో జాగ్రత్త కావాలి. తేడా చూడకుండా తిట్టేటప్పటికి రెండు నష్టాలు జరుగుతున్నాయి. అసలు ఎక్కడ దెబ్బ తగిలిందో తెలియదు. దెబ్బ తిన్నవాడు నోరు మూసుకుంటాడు. ఇవాళ్టి సైబర్ మోసాల్లో నోరు మూసుకున్న ప్రతి గంటకీ ఖరీదు ఉంది కాబట్టి ఇది భాషాభిమానుల కాలక్షేపం కాదు.

ముందు మెత్తని మాటలు చూద్దాం. అమాయకుడు అంటే మాయ లేనివాడు. లేనిది తెలివి కాదు, కపటం. సత్తెకాలపు మనిషి అంటే కృతయుగంలో, అందరూ నిజమే చెప్పే కాలంలో ఉండాల్సినవాడు. ఆ మాటలో తప్పంతా కాలానిదే, మనిషిది కాదు. భోళా మనిషి అన్నప్పుడు వెనక శివుడున్నాడు. భస్మాసురుడికి వరమిచ్చి, ఆ వరం తన నెత్తి మీదకే వస్తే పరుగెత్తిన దేవుణ్ణి కూడా మనం భోళాశంకరుడని ప్రేమగానే పిలుచుకున్నాం. అంటే ఈ మాటలు పుట్టినప్పుడు నమ్మడం తప్పు కాదు. నమ్మకాన్ని వాడుకోవడమే తప్పు. ఇప్పుడు ‘అమాయకుడు’ అనేటప్పుడు గొంతులో జాలి ఉంటుంది, దాని వెనకే చిన్నచూపు ఉంటుంది. ‘పాపం అమాయకుడు’ అనేసరికి ఆ మనిషితో ఇక ముఖ్యమైన విషయాలు మాట్లాడనక్కర్లేదన్న తీర్పు కూడా వచ్చేస్తుంది.

ముగ్ధ, మూఢ అనే జంట ఇంకా చెప్పుకోదగ్గది. సంస్కృతంలో రెండూ ‘ముహ్’ అనే ఒకే ధాతువు నుంచి వచ్చినవి, మోహం కూడా అక్కణ్ణుంచే. కానీ ముగ్ధ అందమయింది, మూఢుడు తిట్టయ్యాడు. అలంకారశాస్త్రం నాయికల్ని ముగ్ధ, మధ్య, ప్రౌఢ అని విభజించి లోకం తెలియకపోవడాన్ని పిల్లకి ఆభరణంగా తొడిగింది. మగవాడికి లోకం తెలియకపోతే మూఢుడు. ఈ తేడా వల్ల ఆడపిల్లలకి జరిగిన అన్యాయం చిన్నది కాదు. "మా పిల్లకి ఏమీ తెలియదండీ, లోకం చూడలేదు" అని పెళ్ళిచూపుల్లో గొప్పగా చెప్పుకున్న నోటితోనే, పదేళ్ళ తర్వాత ఆవిడ ఎవరినో నమ్మి సంతకం పెడితే "ఆ మాత్రం తెలివి ఉండక్కర్లేదా" అంటారు. తెలియకుండా పెంచిందీ, తెలియలేదని తప్పు పట్టిందీ ఒకే కుటుంబం.

ఇక గట్టి మాటలు. వెర్రిబాగులవాడు, వెర్రివెంగళప్ప, పిచ్చిమాలోకం, చవట, దద్దమ్మ, మట్టిబుర్ర, పప్పుసుద్ద. తెలంగాణలో ఎడ్డోడు. వీటిలో వెర్రి, పిచ్చి అనేవి మానసిక అనారోగ్యానికి వాడే మాటలు. వాటిని మోసపోయినవాళ్ళ మీద వెయ్యడం వల్ల అటు జబ్బుతో ఉన్నవాళ్ళకీ ఇటు వీళ్ళకీ ఇద్దరికీ అవమానమే. ఈ గుంపులో ఏ మాటా ఏం జరిగిందో చెప్పదు. మనిషి విలువెంతో మాత్రం చెప్తుంది. అందుకే వీటి గురించి ఇంకేమీ రాయాలనిపించదు.

అసలు పనికొచ్చే సంపద ఆ రెండింటి మధ్య ఉంది. గంగిరెద్దులా తలూపడం, గొర్రెదాటు, గాలివాటం, కీలుబొమ్మ, చెప్పుడు మాటలు వినడం, మొహమాటం. ఇవి మనిషి లోపల ఏం జరుగుతుందో చూసి పెట్టిన పేర్లు.

మొహమాటాన్నే తీసుకోండి. మొహమాటస్థుడు నమ్మినవాడు కాదు. అవతలివాడు చెప్పేది అబద్ధమని అతనికి సగం తెలుసు, ఒక్కోసారి మొత్తం తెలుసు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చిన్నబోవడం చూడలేడు. చుట్టమొకడు వచ్చి చీటీలో చేరమంటే చేరతాడు, స్నేహితుడు అప్పుకి హామీ సంతకం అడిగితే పెడతాడు. ఇతన్ని ‘తెలివి లేనివాడు’ అని తిడితే లాభం లేదు, తెలివి ఉంది. వివరంగా బోధించినా లాభం లేదు, ఆ వివరాలు అతనికీ తెలుసు. అతనికి కావలసింది కాదనడానికి ఒక వాక్యం. "ఇంట్లో అడక్కుండా ఎక్కడా సంతకం పెట్టకూడదని మేం నియమం పెట్టుకున్నాం" అనేది అలాంటి వాక్యం. భారం తన మొహం మీంచి నియమం మీదకి జరుగుతుంది. హామీ సంతకం విషయంలో ఈ వాక్యం ఎంత అవసరమో చట్టం చూస్తే తెలుస్తుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతే హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. బ్యాంకు ముందు అప్పు తీసుకున్నవాడి వెంటపడి, ఆ తర్వాతే హామీదారు దగ్గరికి రావాలన్న నియమం లేదు.

చెప్పుడు మాటలు వినేవాడి సంగతి వేరు. అతను అందర్నీ నమ్మడు, ఒక్కరినే నమ్ముతాడు. మంథర మాట విన్న కైకేయి బుద్ధి లేనిది కాదు, యుద్ధరంగంలో దశరథుణ్ణి కాపాడిన మనిషి. పుట్టింటి నుంచి వెంట వచ్చిన దాసి అన్న నమ్మకం దగ్గరే ఆమె దొరికిపోయింది. మంథర లేని భయాన్ని సృష్టించలేదు, సవతి కొడుకు రాజైతే నా కొడుకు గతేమిటన్న భయం ఏ తల్లికైనా లోపల ఉండేదే. దాన్ని పైకి తీసింది, అంతే. ఈ రకం మనిషికి జాగ్రత్త ఒక్కటే, రెండో చెవి. ఆ ఒక్కరికీ సంబంధం లేని ఇంకొకరితో మాట్లాడకుండా పెద్ద నిర్ణయం తీసుకోకపోవడం.

ఇక్కడ మన వాడుకలో ఉన్న పక్షపాతం కూడా చెప్పాలి. తల్లి మాట వినే కొడుకు బుద్ధిమంతుడు. అదే కొడుకు భార్య మాట వింటే కొంగుకి కట్టేసుకుంది, ఏం మందు పెట్టిందో అంటారు. వినడం ఒకటే, ఎవరి మాట విన్నాడన్న దాన్నిబట్టి పేరు మారిపోయింది. ‘ఇతరుల మాటకి లొంగేవాడు’ అన్న ముద్ర చాలాసార్లు అతని మెతకదనాన్ని కొలిచింది కాదు. అతను మన మాట వినడం మానేశాడన్న కోపం అది. ఎవరినైనా అలా అనబోయే ముందు నిన్నటిదాకా అతను ఎవరి మాట వినేవాడో గుర్తు చేసుకుంటే చాలు.

గొర్రెదాటులో భయమూ మొహమాటమూ రెండూ కొంచెం కొంచెం ఉంటాయి. దీన్ని అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1951లో పరీక్షించి చూపించాడు. గదిలో ఉన్న గుంపులో ఒక్కడే అసలు పరీక్షార్థి, మిగతావాళ్ళంతా ముందే నేర్పిపెట్టిన మనుషులు. ఎదురుగా ఉన్న గీతల్లో ఏది ఏ గీతతో సమానమో చెప్పాలి. పిల్లలు కూడా చెప్పగలిగే ప్రశ్న. నేర్పిపెట్టినవాళ్ళు అందరూ ఒకే తప్పు జవాబు చెప్తే, పరీక్షకి వచ్చినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒక్కసారైనా ఆ తప్పుకే తలూపారు. మొత్తం మీద అలాంటి జవాబుల్లో సుమారు మూడోవంతు తప్పు వైపు పోయాయి. అయితే ఆ గుంపులో ఇంకొక్కడు సరైన జవాబు చెప్పిన మరుక్షణం లొంగిపోవడం బాగా తగ్గిపోయింది. అంటే గొర్రెదాటుకి మందు ఎక్కువ చదువు కాదు. పక్కన ఇంకొక్క గొంతు.

మన ప్రాంతంలో ఆ ఒక్క గొంతు లేకపోతే ఏమవుతుందో అగ్రిగోల్డ్ చూపించింది. విజయవాడ కేంద్రంగా డిపాజిట్లు సేకరించి, తిరిగి చెల్లించలేకపోయిన ఆ సంస్థలో సుమారు 32 లక్షల మంది డబ్బు కట్టారు. ముప్పై రెండు లక్షల మందిని వెర్రివాళ్ళు అనడానికి నోరెలా వస్తుంది? వాళ్ళ చేత కట్టించింది వీధిలో తెలిసిన ఏజెంటు, చాలాచోట్ల చుట్టం. అడిగినవాడు పరిచయస్థుడు, పక్కింటివాళ్ళు అప్పటికే కట్టేశారు, చేతిలో బాండు కాగితం ఉంది. మొహమాటం, గొర్రెదాటు, కాగితం మీద గౌరవం కలిశాయి. ఆ ఏజెంట్లలో ఎంతోమంది తమ డబ్బు కూడా అందులోనే పెట్టుకున్నారు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందన్న సామెత ఇక్కడ పనిచెయ్యదు, ఎందుకంటే తలుపు తట్టినవాడు కసాయి కాదు.

నమ్మిన బ్రాహ్మడు, మేక, ముగ్గురు దొంగల కథ పిల్లలకి మనం ఎప్పుడూ తెలివితక్కువ బ్రాహ్మడి కథగానే చెప్తాం. కథని జాగ్రత్తగా చూడండి. మొదటి దొంగ "కుక్కని మోసుకెళ్తున్నావేం" అంటే అతను నమ్మలేదు. కళ్ళారా చూసి, మేకేనని చెప్పి ముందుకు నడిచాడు. రెండో దొంగ అదే మాట అంటే అనుమానం వచ్చింది, దించి చూసుకున్నాడు. మూడోవాడు అనేసరికి వదిలేశాడు. దొంగలు ఎదురుచూసింది అతని తెలివితక్కువతనం కోసం కాదు. ఒకరికొకరు సంబంధం లేనట్టు కనబడాలి, దారిలో దూరం దూరంగా నిలబడాలి, మధ్యలో నాలుగోవాడెవడూ కలవకూడదు. ఇవీ వాళ్ళ పథకంలో భాగాలు. నాలుగోవాడు కలిసి "మంచి మేకండీ, ఎక్కడ కొన్నారు" అని ఉంటే మేక ఇంటికి చేరేది.

డిజిటల్ అరెస్టు అని పిలుస్తున్న మోసం సరిగ్గా ఈ కొలతలతోనే నడుస్తుంది. మొదటి ఫోను కొరియర్ సంస్థ నుంచో టెలికాం విభాగం నుంచో అన్నట్టు వస్తుంది. మీ పేరు మీద వెళ్ళిన పార్సిల్లో మత్తుమందులు దొరికాయంటారు, లేదా మీ ఆధార్‌తో తీసిన సిమ్ నేరంలో వాడారంటారు. ఈ దశలో చాలామంది నమ్మరు, "నాకేం సంబంధం" అంటారు. మోసగాడికి ఆ మాటే కావాలి. "అయితే ఫిర్యాదు ఇవ్వండి, పోలీసులకి కలుపుతాను" అంటాడు. రెండో గొంతు వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని, వెనక స్టేషను బోర్డు పెట్టుకుని కనబడుతుంది. మూడో గొంతు సీబీఐ అధికారి, ఒక్కోసారి ఏకంగా న్యాయమూర్తి. ముద్రలున్న నకిలీ వారెంటు వాట్సాప్‌లో వస్తుంది. కెమెరా ఆపకూడదు, గది దాటకూడదు, ఇంట్లోవాళ్ళకి చెప్తే వాళ్ళ మీదా కేసు పడుతుంది అంటారు. ఇది నాలుగో గొంతుని అడ్డుకునే ఏర్పాటు. ఆ తర్వాత పరిశీలన కోసమంటూ మీ డబ్బంతా ఒక ఖాతాలోకి పంపమంటారు.

2024 ఆగస్టులో ఇలాగే సుప్రీంకోర్టు విచారణని కూడా వీడియోలో నటించి వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్.పి. ఓస్వాల్ దగ్గర 7 కోట్ల రూపాయలు కాజేశారు. ఫిర్యాదు చేశాక పోలీసులు 5.25 కోట్లు వెనక్కి రాబట్టారు. దశాబ్దాల పాటు వేల మందితో పరిశ్రమ నడిపి పద్మభూషణ్ అందుకున్న వ్యక్తిని ఏ మాటతో పిలుస్తాం? అమాయకుడా? మట్టిబుర్రా? గంగిరెద్దా? మన నిఘంటువులో ఏ పేరూ ఆయనకి సరిపోదు. ఎందుకంటే ఆ మోసం పట్టుకునేది తెలివితక్కువని కాదు, చట్టం మీద గౌరవాన్ని. జీవితమంతా నోటీసు వస్తే జవాబివ్వడం, పన్ను కట్టడం, అధికారి పిలిస్తే వెళ్ళడం అలవాటున్న మనిషే దీనికి త్వరగా దొరుకుతాడు. రిటైరైన ఉద్యోగులు, డాక్టర్లు, ప్రొఫెసర్లు ఇందులో పడడానికి కారణం అదే. ఏ పోలీసునీ పట్టించుకోనివాడు మొదటి నిమిషంలోనే ఫోను పెట్టేస్తాడు.

వ్యాకరణం కూడా ఇక్కడ పక్షం వహిస్తోంది. ‘మోసం చేశారు’ అన్న వాక్యంలో చేసినవాళ్ళుంటారు. ‘మోసపోయాడు’ అనగానే వాళ్ళు మాయమై పోయినవాడు ఒక్కడే మిగులుతాడు. ‘టోపీ పెట్టించుకున్నాడు’ దగ్గరికి వచ్చేసరికి ఆ పని తనే కోరి చేయించుకున్నట్టు వినబడుతుంది, క్షవరం చేయించుకున్నాడన్న మాటలాగే. బుట్టలో పడ్డాడు, బురిడీ కొట్టించుకున్నాడు, బకరా అయ్యాడు, అన్నీ ఇదే దారి. బుట్టలో వేశారు, కుచ్చుటోపీ పెట్టారు, పంగనామం పెట్టారు, అరచేతిలో వైకుంఠం చూపించారు అనే రూపాలు కూడా మనకి ఉన్నాయి, ఏ రూపం ఎంచుకుంటామన్నది మన చేతిలోనే ఉంది. తెలంగాణ వాడుకలో ఉన్న ‘ఆగం’ నాకు వీటన్నిటికంటే సరైన మాటగా తోస్తుంది. "వాణ్ణి ఆగం జేసిన్రు" అంటే మనిషి విలువ తగ్గదు, అతని స్థితి కనబడుతుంది, చేసినవాళ్ళు వాక్యంలోనే ఉంటారు. "ఆగం కాకు" అన్నప్పుడు అందులో తిట్టు లేదు, తొందరపడకన్న హెచ్చరిక ఉంది.

మోసగాళ్ళకి మనం పెట్టుకున్న పేర్లతో పోల్చి చూస్తే బాధ ఇంకా పెరుగుతుంది. దగాకోరు, టక్కరి, జిత్తులమారి, ఫోర్‌ట్వంటీ లాంటివి ఉన్నాయి నిజమే. (2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మోసం 318వ సెక్షనుకి మారింది, తిట్టు మాత్రం పాత నంబరుతోనే ఉంది.) వాటి పక్కనే ఘటికుడు, అసాధ్యుడు, గడుసువాడు, బతకనేర్చినవాడు అని మెచ్చుకోలు కూడా ఉంది. మోసం చేసేవాడు బతకనేర్చినవాడయితే, నమ్మేవాడు బతకడం చేతకానివాడవుతాడు. పిల్లల ముందు ఈ జంటని వాడడం మానెయ్యాలని గట్టిగా అడుగుతున్నాను. ఒక్క ‘నంగనాచి’ మాత్రం తన పని సరిగ్గా చేస్తోంది. అమాయకత్వాన్ని నటించేవాళ్ళని నిజంగా అమాయకులైనవాళ్ళ నుంచి విడదీసే మాట అది.

కాంట్రాక్టు చట్టం 16వ సెక్షను ఇదే విషయాన్ని ఎంత మర్యాదగా చెప్పిందో చూడండి. అనుచిత ప్రభావాన్ని నిర్వచిస్తూ అది లొంగినవాడి బుద్ధి గురించి ఏ విశేషణమూ వాడదు. ఒకరి ఇష్టాన్ని శాసించగల స్థితిలో ఇంకొకరు ఉండి, ఆ స్థితిని వాడుకుని అన్యాయమైన లాభం పొందారా అని అడుగుతుంది. అధికారం నిజంగా ఉన్నా సరే, ఉన్నట్టు కనబడినా సరే. నమ్మకం మీద నడిచే సంబంధం అయినా సరే. వయసు, జబ్బు, మానసిక వేదన, శారీరక బాధ వల్ల తాత్కాలికంగానైనా సరే మనసు కుదురుగా లేని మనిషితో ఒప్పందం చేసుకున్నా సరే. ఒప్పందం పైకే అన్యాయంగా కనబడితే, ప్రభావం వాడలేదని రుజువు చేసుకోవాల్సింది ఆ పైచేయి ఉన్నవాడే. నువ్వెందుకు నమ్మావని అడిగే మన పద్ధతికి ఇది పూర్తిగా వ్యతిరేకం.

ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే మొదటి పదిహేను నిమిషాల్లో అనాల్సిన మాటలు చాలా కొద్ది. "ఎంత పంపించారు, ఏ బ్యాంకు నుంచి, ఎన్నింటికి?" అంతే. వెంటనే సైబర్ మోసాల జాతీయ సహాయ నంబరు 1930కి ఫోను చెయ్యాలి. అక్కడ అడిగేవి కూడా అవే. ఖాతా నంబరు, మొత్తం, సమయం, లావాదేవీ నంబరు. యూపీఐ అయితే అది 12 అంకెలు ఉంటుంది, యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే కనబడుతుంది. ఆ వివరాలు అందుకున్న బ్యాంకు, డబ్బు చేరిన ఖాతాలో ఇంకా మిగిలి ఉన్నంత మేరకు నిలిపివేస్తుంది. మోసగాళ్ళు ఆ డబ్బుని అద్దె ఖాతాల్లోకి చీల్చి, వాటి నుంచి ఇంకొన్నిట్లోకి పంపి, చివర నగదుగా తీసుకుంటారు. అందుకే గంటలు ముఖ్యం. తర్వాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేసి, బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఇక్కడ ఎక్కువగా చెడిపోయేది తిట్టు వల్లే. "ఎవరికైనా చెప్తే నవ్వుతారు" అన్న భయంతో పోగొట్టుకున్నవాళ్ళు ముందు ఒక రాత్రి నిద్రలేకుండా గడుపుతారు. సిగ్గుతో వాట్సాప్ సంభాషణ చెరిపేస్తారు, దాంతో వారెంటు ఫొటో, ఖాతా నంబర్లు, కాల్ సమయాలు అన్నీ పోతాయి. కొద్ది రోజులకి "మీ డబ్బు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఇంకో ఫోను వస్తుంది. ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళ వివరాలు ఆ లోకంలో చేతులు మారతాయి. ఎవరికీ చెప్పుకోని మనిషి రెండోసారి కూడా ఒంటరిగానే జవాబిస్తాడు.

పెద్దవాళ్ళతో ముందుగా మాట్లాడేటప్పుడు "జాగ్రత్తగా ఉండండి, మీరు అందర్నీ నమ్మేస్తారు" అనకండి. అది వాళ్ళకి అవమానంగా తగులుతుంది, చేతికి ఏ పనిముట్టూ ఇవ్వదు. 2024 అక్టోబర్ 27న ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి ఈ మోసం గురించే మాట్లాడుతూ ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అన్నారు. ఆగడానికి కూడా నోట్లో ఒక వాక్యం ఉండాలి. "నాన్నా, మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఏ పోలీసూ వీడియోలో అరెస్టు చెయ్యడు, ఏ కోర్టూ డబ్బు పంపమనదు. అలాంటి ఫోనొస్తే ‘మీ స్టేషను పేరు చెప్పండి, మా అబ్బాయితో కలిసి నేనే వస్తాను’ అని పెట్టేసి నాకు చెయ్యండి. నేను ఎత్తకపోతే అక్కకి చెయ్యండి" అని చెప్పండి. ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, కింద ఆ రెండు నంబర్లూ 1930 కూడా రాసి, ఫోను ఛార్జింగు పెట్టే చోట అంటించండి. వీడియో కాల్ నడుస్తున్నప్పుడు ఫోనులోని నంబర్లు వెతుక్కునే వీలుండదు.